నాలుగో పుల్ల

ఖిదిర్‌పూర్‌లో కొండ లేదు. చెప్పుకోదగ్గ దిబ్బ కూడా లేదు. గంగ తెచ్చి పోసిన ఒండ్రు మట్టి మీద కూర్చున్న ఊరు ఇది, సముద్రమట్టానికి పట్టుమని పది మీటర్ల ఎత్తుండదు. ఇక్కడ ఎత్తు కావాలంటే వంతెన ఎక్కాలి. అందుకే 2023 నవంబరు నెలంతా నేను తెల్లవారుజామున మాజేర్‌హాట్ వంతెన ఎక్కి దిగాను, రోజుకు పది సార్లు. మూడో రోజో నాలుగో రోజో అక్కడ డ్యూటీలో ఉన్న ట్రాఫిక్ పోలీసు ఆపి, "దిదీ, ఏమైనా పోగొట్టుకున్నారా?" అని అడిగాడు. కొండ కోసం వెతుకుతున్నానని చెబితే నవ్వి వదిలేశాడు.

ఈ ఆదివారం ఎస్సే ప్రాక్టీసుకి నేను వేరే టాపిక్ పెట్టుకున్నాను. టైమరు పెట్టుకుని కూర్చుంటే ఒక్క పేరా కదల్లేదు. బుర్రలో ఇదే తిరుగుతోంది కాబట్టి ఇదే రాస్తున్నాను. పరీక్షలో ఎస్సేకి వెయ్యి నుంచి పన్నెండు వందల పదాలు. ఇది ఆ హద్దు దాటుతుంది, ముందే చెబుతున్నా.

నేను సివిల్స్‌తో పాటు ఫారెస్ట్ సర్వీసుకీ కడతాను. డిగ్రీలో నాది బోటనీ. రెండింటికీ ప్రిలిమ్స్ ఒకటే, కటాఫ్ మాత్రం ఫారెస్టుకి ఇంకా పైన ఉంటుంది. ఫారెస్టులో ఇంకొకటి ఉంది, నడక పరీక్ష. నాలుగు గంటల్లో మగవాళ్లు 25 కిలోమీటర్లు, ఆడవాళ్లు 14 కిలోమీటర్లు నడవాలి. నోటిఫికేషన్‌లో ఈ లైను మొదటిసారి చదివినప్పుడు నాకు ఒళ్లు మండింది. లెక్క వేయండి. గంటకు మగవాడు ఆరుంబావు కిలోమీటర్లు, అంటే చెమట పట్టే నడక. ఆడమనిషి మూడున్నర. మా నానమ్మ మోకాళ్లు నొప్పులని తిట్టుకుంటూ సంతకు వెళ్లిన నడక అంతకంటే తక్కువేమీ కాదు. అడవి మాత్రం ఆఫీసరు ఆడా మగా చూసి కొలతలు మార్చుకోదు కదా.

కోపం వచ్చినప్పుడు నేను నోట్సు రాస్తాను. అప్పుడు రాసుకున్నవి ఇవి. 1928 ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్‌లో ఆడవాళ్లకు 800 మీటర్లు పెట్టారు. పరుగు అయ్యాక కొందరు అలసి కూలబడ్డారని గోల చేసి తీసేశారు. మళ్లీ పెట్టింది 1960లో, రోమ్‌లో. ముప్పై రెండేళ్లు. పరుగు అయ్యాక కూలబడే మగవాళ్ల ఫొటోలు మాత్రం వీరత్వం కింద అచ్చయ్యేవి. ప్రపంచ క్రాస్ కంట్రీ పోటీలు 1973లో బెల్జియంలో మొదలైనప్పుడు మగవాళ్ల దూరం సుమారు 12 కిలోమీటర్లు, ఆడవాళ్లది 4. ఆ తేడా పూర్తిగా పోయి ఇద్దరికీ 10 కిలోమీటర్లు అయింది 2017లో, ఉగాండాలోని కంపాలాలో. జెండర్ మీద ప్రశ్న వస్తే ఉదాహరణగా పనికొస్తుందని ఎర్ర పెన్నుతో గీత గీసి పెట్టుకున్నాను. క్రాస్ కంట్రీ అనే మాటతో నా పరిచయం అంతవరకే, కాగితం మీద.

ఆ నవంబరులో విశాఖ నుంచి పిన్ని కూతురు ఫోన్ చేసింది. అది వ్యాయామ విద్య చదువుతోంది. నాకంటే ఐదేళ్లు చిన్న, ఒంట్లో నాకంటే పదేళ్లు గట్టి. "అక్కా, అరకు దగ్గర పరుగు ఉంది, డిసెంబరు మూడో ఆదివారం. ఎనిమిది కిలోమీటర్లు. ఆడవాళ్ల టీములు ఉన్నాయి. మాకు ముగ్గురం ఉన్నాం, నాలుగో మనిషి లేదు. నువ్వు వచ్చి ఊరికే పూర్తి చేస్తే చాలు."

ఊరికే పూర్తి చేయడం అనే మాటలో ఎంత మోసం ఉందో అప్పటికి నాకు తెలియదు. కారణం, క్రాస్ కంట్రీలో టీము లెక్క వేరు. రిలేలాగా చేతులు మారేది ఏమీ ఉండదు. అందరూ ఒకేసారి పరిగెడతారు. ఎవరు ఎన్నో స్థానంలో వచ్చారో ఆ అంకెలు కలుపుతారు. మొత్తం తక్కువ వచ్చిన టీము గెలుస్తుంది. ప్రపంచ పోటీల్లో ఒక దేశానికి ఆరుగురు పరిగెత్తొచ్చు, మొదటి నలుగురివి లెక్కలోకి వస్తాయి. మాకు ఉన్నదే నలుగురు. ఒకరు ఆగిపోతే మిగిలిన ముగ్గురు గాలిలో తేలివచ్చినా టీము లేనట్టే. రెండు టీములకు సమానంగా వస్తే, లెక్కలోకి వచ్చిన ఆఖరి మనిషి ఎవరిది ముందుందో చూస్తారు. అంటే అసలు బరువు మొదటి మనిషి మీద కాదు, చివరి మనిషి మీద. మా చివరి మనిషిని నేను.

ఇది జరిగే నాటికి నా పరిస్థితి చెప్పాలి. మే 28న ప్రిలిమ్స్ రాశాను. నా రెండో అటెంప్టు. 2022లో 84 మార్కులతో పోయింది. 2023లో కీలు పెట్టి ఎన్ని రకాలుగా లెక్క వేసినా డెబ్బై దగ్గర ఆగుతోంది. ఏడాది చదివి పదమూడు మార్కులు కింద పడ్డాను. ఆ లెక్క ఎవరికీ చెప్పలేదు. జూన్ నుంచి నవంబరు దాకా పుస్తకం తెరిచి, అదే పేజీని చూస్తూ కూర్చున్న రోజులే ఎక్కువ. బెంగాలీ, హిందీ, తెలుగు మూడూ వచ్చు కాబట్టి ఏదైనా బ్యాంకు ఉద్యోగం చూసుకోమని అమ్మ అంటోంది. చెల్లి ఫోన్‌కి నేను సరేనన్నది పరుగు మీద ఇష్టంతో కాదు, ఇంట్లోంచి బయటపడే వంక కోసం.

ప్రాక్టీసు మాత్రం గట్టిగానే చేశాను. చదువులో చూపించలేని శ్రద్ధ అంతా ఇక్కడ పెట్టాను. తెల్లవారి నాలుగున్నరకి లేచేదాన్ని. ఆ వేళకి ఖిదిర్‌పూర్‌లో మెలకువగా ఉండేది మసీదులు, రేవు లారీలు, టీ దుకాణాలు. ఫ్యాన్సీ మార్కెట్ షట్టర్లు దించి ఉంటాయి. కంటైనర్ ట్రెయిలర్లు బారులు తీరి డాక్ గేటు కోసం చూస్తుంటాయి. కొన్ని రోజులు డైమండ్ హార్బర్ రోడ్డు పట్టుకుని మోమిన్‌పూర్ మీదుగా మాజేర్‌హాట్ వంతెనకి. కొన్ని రోజులు అటువైపు, ఖిదిర్‌పూర్ బ్రిడ్జి మీద ఆదిగంగను ముక్కు మూసుకుని దాటి, హేస్టింగ్స్ పక్కగా మైదాన్‌కి. పొగమంచులో రేసు కోర్సు వైపు నుంచి గుర్రాల చప్పుడు వినిపించేది, గుర్రాలు కనిపించేవి కావు. చిన్నప్పుడు నాన్న నన్ను 36 నంబరు ట్రాములో ఆ చెట్ల కింద నుంచే ఎస్ప్లనేడ్ తీసుకెళ్లేవాడు. 2020 మేలో అంఫాన్ తుఫాను చెట్లనీ తీగలనీ పడగొట్టాక ఆ ట్రాము మళ్లీ నడవలేదు. పట్టాలు గడ్డిలోకి దిగిపోయాయి.

మాజేర్‌హాట్ వంతెన గురించి కూడా ఒక మాట. పాతది 2018 సెప్టెంబరు 4న కూలింది. కొత్తది 2020 డిసెంబరులో తెరిచారు, ఆరువందల మీటర్ల పైచిలుకు పొడవు, తీగలతో వేలాడదీసినది. రైలు పట్టాలు దాటడానికి ఎంత కావాలో అంతే ఎత్తు. ఇది కొండ పరుగుకి సరిపోతుందా అని నాకే అనుమానం వచ్చేది. 2019 ప్రపంచ క్రాస్ కంట్రీ డెన్మార్క్‌లోని ఆర్హుస్‌లో జరిగిందని చదివి ధైర్యం తెచ్చుకున్నాను. డెన్మార్క్ కూడా మనలాగే ఎత్తులేని దేశం. అక్కడ ఒక మ్యూజియానికి నేల నుంచి పైకి లేచే ఏటవాలు కప్పు ఉంది, గడ్డి పరిచిన కప్పు. పరుగు దారిని దాని మీదుగా తిప్పేశారు. కొండ లేనివాళ్లు కప్పు ఎక్కారు, నేను వంతెన ఎక్కుతున్నాను అనుకున్నాను.

బురద కూడా దొరికింది. బెంగాల్ డిసెంబరులో మామూలుగా వాన ఉండదు. ఆ ఏడు మిచౌంగ్ వచ్చింది. డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటింది. మనవైపు వరి పనల మీద పడి రైతును ముంచిన ఆ తుఫాను మిగులే ఒకటి రెండు రోజుల్లో కోల్‌కతాలో ముసురుగా పట్టింది. ఊళ్లో చుట్టాలకు ఫోన్లు చేస్తూ అమ్మ టీవీ ముందు కూర్చుంది. నేను మర్నాడు పొద్దున మైదాన్‌కి పోయి బురదలో అరగంట పరిగెత్తి వచ్చాను. ఒండ్రు బురద జిగురులా ఉంటుంది. కాలు పడితే వదలదు, ప్రతి అడుగూ పీక్కోవాలి. ఇంటికి వచ్చేసరికి ఒక్కో బూటు అరకిలో బరువుంది. బురద అంటే ఇదే, ఇక నాకు తెలుసు అనుకున్నాను.

హౌరాలో రాత్రి రైలు ఎక్కించడానికి నాన్న వచ్చాడు. విశాఖ దిగి, చెల్లి వాళ్లతో కలిసి కిరండూల్ రైలు ఎక్కాలని ప్లాను. ఆ మాట వినగానే నాన్న ఆగి, "ఏటి, ఆ లైనులోనా?" అన్నాడు. మా తాత గ్యాంగ్‌మన్. కొత్తవలస నుంచి కిరండూల్‌కి కొండల్లో లైను వేసిన అరవైల్లో అక్కడ పనిచేశాడట. బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకి, అక్కడి నుంచి జపాన్‌కి పంపడానికి వేసిన లైను అది. అప్పుడు అదంతా సౌత్ ఈస్టర్న్ రైల్వే, దాని పెద్ద ఆఫీసు గార్డెన్‌రీచ్. శ్రీకాకుళం వైపు నుంచి మేము ఖిదిర్‌పూర్ వచ్చి పడింది అలాగే. నాన్న ఆ ఆఫీసులోనే గుమస్తాగా చేసి రిటైరయ్యాడు. ముప్పై ఏళ్లు ఆ లైను కాగితాలు చూశాడు గానీ లైను చూడలేదు. ఈ సంగతి నాకు ఆ రాత్రి హౌరా ప్లాట్‌ఫారం మీద తెలిసింది. ఇన్నేళ్లలో ఎప్పుడూ ఎందుకు చెప్పలేదంటే, "నువ్వు అడగలేదు కదమ్మా" అన్నాడు.

సొరంగాల లెక్క ఇరవై దాటాక తప్పిపోయింది. మొత్తం యాభై ఎనిమిది అంటారు. ప్రతి సొరంగంలోనూ పిల్లలు అరిచినట్టే మేము నలుగురమూ అరిచాం.

పోటీ జరిగేది అరకు నుంచి కాస్త లోపలికి ఉన్న ఊళ్లో. ఊరి కుర్రాళ్లు కొందరు, రిటైరైన ఒక పీఈటీ మాస్టారు కలిసి నడుపుతారు. రెండు కిలోమీటర్ల చుట్టు, నాలుగు సార్లు. కోసేసిన వరి మడి మీదుగా మొదలై, ఒక గెడ్డ దాటి, కాఫీ తోటలోంచి కొండ ఎక్కి, అవతలి వైపు దిగి మళ్లీ మడిలోకి. పొద్దున ఏడింటికి చలి పది డిగ్రీల లోపు. నోట్లోంచి పొగ వస్తోంది. వలిసె పూలు అయిపోవస్తున్నాయి, గట్ల మీద అక్కడక్కడా పసుపు మిగిలింది. మడిలో తుఫాను నీళ్లు ఇంకా ఇంకలేదు. నలభై ఒక్క మందిమి గీత మీద నిలబడ్డాం. సగం మంది చుట్టుపక్కల గూడేల ఆడపిల్లలు. వాళ్లలో పదిమందికి పైగా కాళ్లకు ఏమీ లేవు. నా బూట్లు చూసి నాకే సిగ్గేసింది. వాళ్లు మాత్రం నా బూట్లు చూడలేదు, కొండకేసి చూస్తున్నారు.

మాస్టారు విజిల్ వేశారు.

మడిలో నేను బాగానే పరిగెత్తాను. బురద మైదాన్ బురదలాంటిదే, కొయ్యకాళ్లు గుచ్చుకోవడం తప్పిస్తే. గెడ్డలో నీళ్లు మోకాళ్ల కిందకే, చల్లదనానికి మాత్రం ప్రాణం జిల్లుమంది. ఎక్కుడు మొదలయ్యాక ఆశ్చర్యం, ఇరవై మందిని దాటాను. వంతెన పనిచేసింది. అడుగు చిన్నది చేసి, చేతులు ఊపి, సిల్వర్ ఓక్ చెట్లు ఒకటి రెండు అని లెక్కపెట్టుకుంటూ పైకి పోయాను. కాఫీ చెట్ల మీద ఎర్ర పళ్లు, ఓక్ కాండాలకు చుట్టుకున్న మిరియం తీగ కూడా చూసే తీరిక దొరికింది. చెల్లి ఎక్కడో ముందు ఉంది. పైకి చేరేసరికి నేను పదిహేనో పదహారో స్థానంలో ఉన్నాను. ఆ అర నిమిషం నాకు బాగా గుర్తు. ఆరు నెలల్లో మొదటిసారి నేను దేనికైనా పనికొస్తాననిపించింది.

తర్వాత దిగుడు.

మైదాన్ బురద కాలిని లాగుతుంది. కొండ బురద కాలిని తోస్తుంది. ఈ తేడా నాకు ఎవరూ చెప్పలేదు, చెప్పినా అర్థమయ్యేది కాదు. కింద గట్టి ఎర్ర నేల, దాని మీద వేలు మందాన నానిన మట్టి, అది నూనె రాసిన పెనంలా ఉంది. నేను చేసిన తప్పు అందరూ చేసేదే. భయపడి ఒళ్లు వెనక్కి వాల్చాను, మడమ ముందు పెట్టాను. మడమ పెడితే జారుతుంది. రెండో మలుపులో కాళ్లు రెండూ ముందుకు పోయి నడుం మీద పడ్డాను. లేచాను, మళ్లీ పడ్డాను. ఎక్కుతూ దాటిన ఇరవై మందీ నన్ను దాటి దిగిపోయారు. ఒక పిల్ల, పద్నాలుగేళ్లుంటాయేమో, వట్టి కాళ్లతో వెనక నుంచి వచ్చి, "దారి వదులక్కా!" అని కసిరింది. నేను సన్నటి దారికి అడ్డంగా కూలబడి ఉన్నాను మరి. ఆ పిల్ల మునివేళ్ల మీద, చిట్టి చిట్టి అడుగులతో, చేతులు రెక్కల్లా చాచి, ముందుకు వంగి పోయింది. కొండ తోస్తుంటే ఎదురు తిరగలేదు, తోపుకంటే వేగంగా కాళ్లు ఆడించింది.

మూడో చుట్టులో ఎడమ బూటు మడిలో ఉండిపోయింది. చెయ్యి పెట్టి వెతికాను, మోచేతి దాకా. బూటు దొరికింది గానీ నిండా మట్టి. గట్టు మీద కూర్చుని విదిలిస్తుంటే ఇక చాలనిపించింది. ఎవరూ ఏమీ అనరు. కోల్‌కతా నుంచి వచ్చింది, అలవాటు లేదు అంటారు. మోకాలి దగ్గర రక్తం కూడా ఉంది, సాక్ష్యానికి. ప్రిలిమ్స్‌కి ఏ సాకూ లేదు, దీనికి బోలెడు ఉన్నాయి. అప్పుడు అవతల మడిలో చెల్లి కనబడింది. అది నాకంటే దాదాపు ఒక చుట్టు ముందుంది, ఆఖరి ఎక్కుడుకి పోతోంది. నన్ను చూడలేదు. తల పక్కకి వేలాడేసి, నోరు తెరిచి, తన ప్రాణం తీసుకుంటూ పరిగెడుతోంది. నేను ఇక్కడ కూర్చుంటే అది అలా పరిగెత్తడానికి అర్థం ఉండదు. నేను ఆగడం నా ఒక్కదానిదీ కాదు. ఇంతకు ముందు నేను పోగొట్టుకున్నవన్నీ నావే, నా అటెంప్టు, నా మార్కులు. ఇది మాత్రం నలుగురిది. బూట్లు రెండూ విప్పి లేసులు ముడేసి మెడలో వేసుకుని లేచాను.

ఆ తర్వాతి చుట్టున్నర గురించి చెప్పడానికి పెద్దగా లేదు. నెమ్మదిగా సాగింది. ఎక్కేటప్పుడు నడిచాను. దిగేటప్పుడు ఆ పిల్లలా చేతులు చాచి, మునివేళ్ల మీద. అందంగా లేదు, పడలేదు.

ఒక సంగతి ఇంటికి వచ్చాక చదివాను. 1924 పారిస్ ఒలింపిక్స్‌లో క్రాస్ కంట్రీ ఉండేది. విపరీతమైన ఎండలో పెట్టారు. 38 మంది మొదలుపెడితే 15 మంది పూర్తిచేశారు. ఫిన్లాండ్ వాళ్లు పావో నుర్మి, విల్లే రిటోలా మొదటి రెండు స్థానాల్లో వచ్చేశారు. టీము లెక్కకి మూడో మనిషి కావాలి. అతను లియిమటైనెన్. గీతకి కాస్త దూరంలో తల తిరిగి, ఎటు పోవాలో తెలియక ఆగి, వెనక్కి తిరిగాడు. చివరికి ఎలాగో మళ్లీ తిరిగి నడిచి గీత దాటాడు, పన్నెండో స్థానం. ఫిన్లాండ్‌కి టీము బంగారం వచ్చింది. ఆ ఏడాది తర్వాత ఒలింపిక్స్ నుంచి క్రాస్ కంట్రీని తీసేశారు. నుర్మి పేరు అందరికీ తెలుసు. పన్నెండో మనిషి పేరు నేను గోడ మీద చీటీ రాసి అంటించుకున్నాను.

గీత దాటగానే ఒక కుర్రాడు నా చేతిలో ఐస్‌క్రీం పుల్ల పెట్టాడు. దాని మీద స్కెచ్ పెన్నుతో 34. నేను ఎగరొగిస్తూ, "నా టైమెంత?" అని అడిగాను. అతను అర్థం కానట్టు చూశాడు. మాస్టారు వచ్చి, "టైము పెట్టమమ్మా" అన్నారు. నిరుడు గెడ్డలో నీళ్లు లేవు, ఈ ఏడు ఉన్నాయి, మళ్లీ ఏడు ఎలా ఉంటుందో, ఏ టైముని ఏ టైముతో పోలుస్తాం అన్నారు. గడియారం లేదు, పుల్లలే. మా నలుగురి పుల్లలు 4, 9, 17, 34. మొత్తం 64. ఏడు టీముల్లో ఐదో స్థానం. ఒక టీముకి ముగ్గురే వచ్చారు. వాళ్లలో ఒకమ్మాయిది రెండో స్థానం. ఆ పిల్లలు తమ మూడు పుల్లలూ చేతిలో పట్టుకుని నాలుగోదాని కోసం దారి వైపే చూస్తూ చాలాసేపు నిలబడ్డారు. అందరికీ చోడి అంబలి పోశారు. వేడిగా ఉంది. నేను మూడు గ్లాసులు తాగాను.

అసలు నొప్పి మర్నాటి నుంచి. ఎక్కినందుకు పిక్కలు పట్టేస్తాయనుకున్నాను, ఏమీ కాలేదు. తొడల ముందు కండరాలు మాత్రం ముట్టుకుంటే ప్రాణం పోయింది. దిగేటప్పుడు ఆ కండరం ఒకవైపు బిగుసుకుంటూనే ఇంకోవైపు సాగుతుంది, బండికి బ్రేకు వేస్తూ దింపినట్టు. అలా సాగదీసిన చోట సన్నగా చిరుగుతుంది. నొప్పి అప్పటికప్పుడు రాదు, ఒకటి రెండు రోజులకు ముదురుతుంది. హౌరాలో దిగి సబ్‌వే మెట్లు వెనక్కి తిరిగి, ఒక్కొక్కటే, రెయిలింగ్ పట్టుకుని దిగాను. నన్ను దాటిపోతున్న కూలీలు నవ్వారు. మంచి విషయం ఏమిటంటే, ఒకసారి అలా చిరిగిన కండరం రెండోసారికి అంత చిరగదట, కొన్ని వారాల పాటు ఆ జ్ఞాపకం ఉంచుకుంటుంది. మాజేర్‌హాట్‌లో నెలంతా నేను ఎక్కుడు మీదే ధ్యాస పెట్టాను. దిగుడుని ఊపిరి తీసుకునే ఖాళీ కింద వాడుకున్నాను. గట్టి తారు రోడ్డు, దిగడంలో నేర్చుకోవడానికి ఏముంటుందనుకున్నాను.

2024 ఏప్రిల్‌లో ఫైనల్ రిజల్టు వచ్చాక మార్కులూ కటాఫులూ బయటపెట్టారు. 2023 ప్రిలిమ్స్‌లో నావి 71.34. సివిల్స్ జనరల్ కటాఫ్ 75.41. నేను ఆ అంకెను రెండుసార్లు చదివాను. 2020లో అదే కటాఫ్ 92.51. 2021లో 87.54. 2022లో, నేను 84తో పోయిన ఏడు, 88.22. కాగితం తెచ్చి తీసివేతలు చేశాను. 2022లో గీతకి నేను 4.22 దూరం. 2023లో 4.07. పదమూడు మార్కులు పడిపోయానని పది నెలలు కుమిలిన మనిషిని నిజానికి కాస్త ముందుకే జరిగాను. ఆ ఏడు గెడ్డలో నీళ్లున్నాయి, అంతే. ఇది నన్ను నేను ఓదార్చుకోవడానికి చెప్పట్లేదు. నాలుగు మార్కులు నాలుగు మార్కులే, పోయింది పోయినట్టే. ఫారెస్టు గీత ఇంకా దూరం. కానీ తప్పు అంకెని పట్టుకుని పది నెలలు ఏడవడం వేరు, సరైన అంకెని చూసి ఏడవడం వేరు. రెండోదానితో ఏం చేయాలో తెలుస్తుంది. నా నెగిటివ్ మార్కులన్నీ పరీక్ష చివరి అరగంటలోవి. ఎక్కడం వచ్చు, దిగడం రాదు. సరే, ఈ పోలికను ఇంతకంటే లాగను.

2024 జూన్ 16న మూడోసారి రాశాను. అదీ పోయింది. ఆ మార్కులు రావడానికి ఇంకా టైముంది. ఈసారి వాటిని చూసేముందు కటాఫ్ చూస్తాను.

నడక పరీక్ష మీద నా అభిప్రాయం మారలేదు. పద్నాలుగు కిలోమీటర్లు తక్కువే. కానీ అరకు వెళ్లకముందు ఉన్న గీర పోయింది. నానమ్మ సంత దారి గుర్తొచ్చింది. ఆ దారిలోనూ ఒక గెడ్డ ఉండేదట, నెత్తి మీద బుట్టతో దిగేదట. నేనే చదును నేల మీద కూర్చుని ఆమె నడకను గంటకిన్ని కిలోమీటర్లని లెక్క కట్టాను.

పోయిన వారం చెల్లి మళ్లీ ఫోన్ చేసింది. ఈసారి వాళ్లే ఐదుగురు ఉన్నారు. నేను లేకపోయినా టీము ఆగదు. "అయినా వస్తావా?" అంది. వస్తానన్నాను. ఈ నెలలో మాజేర్‌హాట్‌కి పోతున్నది దిగడానికే. ఆ పోలీసు మారాడు, కొత్తతను ఇంకా ఏమీ అడగలేదు.

రాత్రి నాన్న ఫోన్‌లో రైలు టికెట్లు చూస్తున్నాడు. కిరండూల్ రైలులో సొరంగాలు బాగా కనబడేది కుడివైపా ఎడమవైపా అని అడిగాడు. నాకు గుర్తులేదన్నాను. అయితే రెండు వైపులా ఒక్కో కిటికీ సీటు దొరుకుతుందేమో చూస్తానని కళ్లజోడు పెట్టుకున్నాడు.